టీవీ అడుగున పోయే అక్షరాలు

మా ఇంట్లో కేబుల్ తీయించింది నేనే. ఈ మాట ముందుగా చెప్పేయడం మంచిది. మా ఇంట్లో ఏ పని చెడినా, ఎవరు చేశారన్న ప్రశ్న వచ్చేసరికి నలుగురూ నాలుగు దిక్కులు చూస్తారు. నలుగురంటే మా ఆయన దామోదరన్, మా అమ్మాయి జనని, మా మామ రత్నస్వామి, నేను. నా పేరు సుమతి. పుట్టింది, పదో తరగతి దాకా చదివింది నగరిలో. మెట్టింది తిరుత్తణి పక్కన ఒక నేతవాళ్ళ ఊళ్ళో. అక్కడ మగ్గం పని పోయాక, రెండేళ్ళుగా తిరుత్తణి బస్టాండు వెనక సందులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం.

మా ఆయన రోజూ పొద్దున ఎలక్ట్రిక్ ట్రైన్ పట్టుకుని తిరువళ్ళూరు పోతాడు. అక్కడ బండ్ల సామాను చేసే కంపెనీలో పని. ఓవర్‌టైం ఉన్నన్నాళ్ళు ఇల్లు ఎలాగో గడిచింది. పోయిన జూన్‌లో ఓవర్‌టైం ఆపేశారు. అదే నెలలో జనని నర్సింగు కోర్సులో చేరింది. ఒకటి పోవడం, ఒకటి రావడం ఒకేసారి కావడం మా ఇంటికి కొత్తేమీ కాదు. నేను చీరలకు కుచ్చులు కట్టి సంపాదించేది కూరగాయలకు సరిపోతుంది, అది కూడా టమాటా ధర బుద్ధిగా ఉంటేనే.

పొదుపు అనగానే మగవాళ్ళు పెద్ద పెద్ద మాటలు మాట్లాడతారు. చివరికి కోత పడేది వంటింట్లోనే. పాలు అర లీటరు చేశాను. ఇడ్లీ పిండి బయట కొనడం మానేశాను. సాయంత్రం టీ మానేశాను, అంటే నాది. ఇంకేం మానాలా అని గోడలు చూస్తుంటే టీవీ కనపడింది.

"ఆ కేబులుకు నెలనెలా మూన్నూరు సుమ్మా ఊరికే ఎందుకు కట్టేది?" అన్నాను ఆ పూట అన్నాలప్పుడు. "నువ్వూ ఫోన్‌లోనే చూస్తావు, జనని కూడా ఫోన్‌లోనే చూస్తాది. నాకు చూసే తీరికే లేదు."

"తాత చూస్తాడు కదమ్మా," అంది జనని.

"మీ తాతకు యాడ వినపడతాది? చెవిటి మనిషికి టీవీ ఎందుకు?"

మామ అక్కడే, గోడకు ఆనుకుని తింటున్నాడు. ఆయన ముందర ఆయన గురించి ఏదైనా మాట్లాడుకోవచ్చు, అది మాకు అలవాటైపోయింది. దామోదరన్ పెరుగు కలుపుకుంటూ, "తెలుగు చానెళ్ళకు ఎక్స్‌ట్రా వేరే కడతా ఉండాం," అన్నాడు. అంటే సరేనన్నట్టు. మా ఆయన సరేనని నోటితో చెప్పిన సందర్భాలు తక్కువ, తరువాత అడిగితే నేనెప్పుడు చెప్పినాను అనడానికి వీలుగా ఉంటుందని.

మామ సంగతి కొంచెం చెప్పాలి. ఆయన పుట్టుచెవుడు కాదు. పన్నెండో ఏట వాళ్ళ నాయన పక్కన గుంతమగ్గం మీద కూర్చున్నాడు. ఊళ్ళోకి పవర్‌లూమ్‌లు వచ్చాక షెడ్డులో కూలికి చేరాడు. రేకుల కప్పు కింద పదహారు మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే లోపల మనిషి అరిచినా పక్క మనిషికి వినపడదు. అందుకని షెడ్డులో అందరికీ సైగలుంటాయి. రెండు వేళ్ళు మెలిపెడితే దారం తెగిందని. చేయి పైకెత్తి చూపిస్తే కరెంటు పోయిందని. అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెడితే తిన్నావా అని. అరచేయి చాచి మెల్లగా కిందికి దించితే, మోటరు కట్టేయ్, మగ్గం ఆపు అని. అలా నలభై ఏళ్ళు. చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. షెడ్డులో తేడా తెలియలేదు, ఇంటికొచ్చాక తెలిసింది.

ఆ సైగలనే మేము ఇంట్లోకి తెచ్చుకున్నాం. తిను, రా, పడుకో, కరెంటు లేదు, మాత్ర వేసుకో. ఓ పాతిక సైగలు. ఒక ముసలాయనకు అంతకంటే ఏం కావాలి అనుకున్నాం. ఆయన మాట్లాడగలడు గానీ తన గొంతు తనకు తెలియదు, అందుకని పెద్దగా అరిచినట్టు వస్తుంది. ఒకసారి జనని స్నేహితురాళ్ళు వచ్చినప్పుడు ఆయన ఏదో అడిగితే ఆ పిల్లలు ఉలిక్కిపడ్డారు. జనని సిగ్గుపడి నోటి మీద వేలు పెట్టి చూపించింది. అప్పటినుంచి అవసరమైతే తప్ప ఆయన నోరు తెరవడం లేదు.

నాకూ ఆయనకూ మధ్య అసలే మాటలు తక్కువ. మా ఇళ్ళల్లో కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడదు. చెప్పాల్సింది అత్తతో చెప్పాలి, అత్త లేకపోతే పిల్లతో చెప్పించాలి. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నేను ఆయనతో నేరుగా పది మాటలు మాట్లాడి ఉండను. చెవుడు ముదిరాక ఆ మర్యాద నిలబెట్టుకోవడం నాకు ఇంకా సులువైపోయింది. నిజం చెప్పాలంటే హాయిగా కూడా ఉండింది.

ఆగస్టు ఒకటో తేదీన కేబుల్ అబ్బాయి అజిత్ వచ్చి పెట్టె విప్పుకుని పోయాడు. వయ్యరు చుట్టుకుంటూ, "అక్కా, తెలుగు ప్యాక్ వేసుకునే ఇల్లు ఈ సందులో మీదొక్కటే. అదీ పోయింది," అని నవ్వాడు. మామ చాప మీద కూర్చుని అంతా చూశాడు.

"కరెంటా?" అని అడిగాడు పెద్దగా.

జనని కాదని తల ఊపి, అరచేయి చాచి కిందికి దించింది. ఆపేశాం అని. ఆయన మూడు రోజులు అదే చాప మీద, అదే చోట, టీవీకి చేయంత దూరంలో కూర్చున్నాడు. చీకటి టీవీ ముందు ఒక మనిషి కూర్చుంటే ఇల్లు ఊడ్చేవాళ్ళకు ఎంత చిరాకుగా ఉంటుందో నాకు తెలుసు. నాలుగో రోజు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పటినుంచి రోజూ అంతే. పదకొండు గంటలకు పోవడం, రెండు గంటలకు వచ్చి అన్నం తినడం. యాడికి పోతావు అని ఎవరూ అడగలేదు. ఆ సైగ మాకు లేదు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడి, మిద్దె మీద ఆరబెట్టిన వడియాలన్నీ పిండి నీళ్ళయిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతకు ముందు వాన వచ్చేటట్టుంటే మామ ఒక రోజు ముందే, "రేపు వాన," అని ఇల్లదిరేలా చెప్పేవాడు. పోయిన కార్తీకంలో తుఫాను కూడా ఆయనే చెప్పాడు. నేతమనిషి కదా, నూలు చెమ్మ పట్టడం చూసి చూసి ఒంటికే తెలిసిపోతుందేమో అనుకునేవాళ్ళం. ఈసారి చెప్పలేదు. వయసైపోయింది, ఆ తెలివీ పోయింది అని దామోదరన్‌తో అన్నాను.

పోయిన మంగళవారం మధ్యాహ్నం, బస్టాండులో పూలమ్మే బేబి మా వాకిట్లోకి వచ్చింది. మామూలుగా ఆమె నవ్వుతూ వస్తుంది, ఆ రోజు నవ్వలేదు.

"సుమతక్కా, మీ మామ దినామూ ఆంధ్రా బస్సులు నిలిచే కాడ ఉంటాడు, తెలుసునా నీకు? ఎక్కడు, దిగడు. ఒక బస్సు పోతే ఇంకో బస్సు కాడికి పోతాడు. ఇంట్లో ఏమన్నా సండా పోట్లాటా వేసుకున్నారా? తిరుపతికి గిరుపతికి పోయేయాలని చూస్తా ఉండాడా?"

"సండ ఏముంది మాకు? మాట్లాడేదే లేదు."

"ఈ పొద్దు బస్సు వెనక్కి వస్తా ఉంది. కండక్టరు విజిలు ఊదినా కదల్లా. చొక్కా పట్టి లాగినాడు కాబట్టి సరిపోయింది. మోచేయి గీసుకుంది. ఇంటికి పొమ్మంటే పోలా, మళ్ళీ ఆడే నిలబడినాడు."

చేతిలో కుచ్చులు కడుతున్న చీర అలాగే మంచం మీద పడేసి చెప్పులేసుకున్నాను. దారిపొడవునా తిట్టుకుంటూనే పోయాను. ఇంట్లో ఉన్న చాకిరీ చాలదని ఇదొకటా అని. ఆయన వెళ్ళిపోవాలని చూస్తున్నాడేమో అన్న మాట మాత్రం లోపల గుచ్చుకుంది. ఊరు ఏమంటుంది, కోడలు తరిమేసిందంటుంది. ముందు తట్టింది అదే, దాచుకోవడం ఎందుకు.

ఆయన కనపడ్డాడు. తిరుపతి నుంచి వచ్చిన బస్సు పక్కన, ఎండలో, తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు. మోచేతి దగ్గర చొక్కాకు నెత్తురు అంటుకుంది. నేను వెనకగా పోయాను. పిలిస్తే వినపడదు, మామను తాకడం మర్యాద కాదు. ఏం చేయాలో తోచక పక్కకు వచ్చి నిలబడ్డాను. అప్పుడు ఆయన పెదవులు కదలడం కనపడింది.

ఆయన బస్సు ముందు తెలుగు బోర్డు చూస్తున్నాడు. తిరుపతి, పుత్తూరు, నగరి, తిరుత్తణి. అయ్యాక మెట్ల దగ్గరికి జరిగి తలుపు మీద రాసింది చూశాడు. తరువాత కిటికీల కింద. చేతులు, తల బయట పెట్టరాదు. తరువాత బస్సు వెనక్కి పోయాడు, ఇందాక బస్సు ఆయన మీదికి వచ్చింది ఇందుకేనని అర్థమైంది. వెనక ఒక సిమెంటు కంపెనీ ప్రకటన, ఇంత ఇంత అక్షరాలతో ఉంది. దాన్ని పైనుంచి కిందికి, చివర ఫోన్ నంబరు దాకా, పెదవులతో చదివాడు. అయిపోయాక మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు.

ఆ పెదవులు కదలడం నేను వందసార్లు చూశాను. టీవీ ముందు చాప మీద కూర్చుని అలాగే కదిలించేవాడు. పళ్ళు లేని నోరు కదా, ఊరికే నమలుతుంటాడు అనుకున్నాం. గోవింద నామాలు అంటాడని జనని అనేది. ఆయన చూసింది బొమ్మలను కాదు. అడుగున పోయే అక్షరాలను. వాన, తుఫాను, ధరలు, చావులు, పెళ్ళిళ్ళు, ఊళ్ళ పేర్లు, అన్నీ అక్కడ చదివేవాడు.

ఊళ్ళో తెలుగు బడిలో అయిదు దాకా చదివాడు మామ. అరవం రాదు. ఆయన కొడుకు అరవంలో చదివాడు, మనవరాలు అరవం, ఇంగ్లీషు. ఈ తిరుత్తణిలో అంగడి బోర్డు నుంచి మాత్ర చీటీ దాకా ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. ఎవరు మాట్లాడినా వినపడదు. ఈ ఇంట్లో తెలుగు రాయడం వచ్చిన మనిషి ఇంకొకటి ఉంది. పదో తరగతి పరీక్షలో తెలుగులో బడికల్లా మొదటి మార్కు తెచ్చుకున్న మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆయన కంచంలో అన్నం పెడుతూనే ఉంది. ఒక్క ముక్క రాసి చూపించాలని దానికి తోచలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది, బస్టాండులోనే.

ఆయన ముందుకు పోయి నిలబడి, ఇంటికి రమ్మని చేత్తో చూపించాను. దొంగతనం చేస్తూ దొరికినట్టు తల దించుకుని వచ్చాడు.

ఇంటికొచ్చాక మోచేయి కడుక్కోమని నీళ్ళు, పసుపు ఇచ్చాను. సాయంత్రం గోడకున్న దినసరి క్యాలెండర్‌లో పాత చీటీలు నాలుగు తీసుకున్నాను. ముందు వైపు అరవంలో రాహుకాలం, గౌరి పంచాంగం అన్నీ ఉంటాయి, వెనక తెల్లగా ఉంటుంది. జనని పెన్ను తీసుకున్నాను. తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో. మామకు రాయడమంటే మామతో మాట్లాడినట్టే కదా అని ఒక్క క్షణం ఆగాను కూడా. ఇంత జరిగినా ఆ మర్యాద ఒకటి అడ్డొస్తోంది.

"మామా, మీరు టీవీలో అక్షరాలు చదివేవారా?" అని రాసి ఆయన ముందు నేల మీద పెట్టాను.

ఆయన చీటీ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ చీటీ చూశాడు. పెన్ను కోసం చేయి చాచాడు. నోటితో చెప్పొచ్చు, చెప్పలేదు. గుండ్రంగా, ఒక్కొక్క అక్షరం పలక మీద దిద్దినట్టు రాశాడు: "అవును. కింద పోతా ఉండేవి."

"వచ్చే నెల కేబుల్ మళ్ళీ పెట్టిస్తాను. నాకు తెలియక తీయించాను," అని రాశాను.

దాన్ని చదివి పక్కన పెట్టాడు. సంతోషపడతాడనుకున్నాను. ఆయన ఇంకో చీటీ తీసుకుని చాలాసేపు రాశాడు. నాకు అందించేటప్పుడు నా వైపు చూడలేదు.

"ఆసుపత్రిలో మీ అత్త నాతో మాట్లాడింది. తిన్నావా అని అడిగిందని మావాడు సైగ చేసినాడు. ఆ ఒక్క మాటకు అంతసేపు పడతాదా? నువ్వు ఆడనే ఉంటివి. ఏమి చెప్పింది?"

నాలుగేళ్ళ కిందటి సంగతి అది. మా అత్త తిరుమలమ్మను తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో పెట్టాం. రెండు రోజులు తెలివి లేదు. మూడో రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి, మామ మణికట్టు పట్టుకుంది. ఆయనకు వినపడదన్న సంగతి మరిచిపోయిందో, తెలిసే మాట్లాడిందో. "ఇంక మగ్గం కాడికి పోవద్దయ్యా. నేసింది చాలు. నేను పోయినాక ఒక్క దినం కూడా పోవద్దు. కొడుకు సంపాదిస్తా ఉండాడు, కూకోని తిను. పోనని నాకు మాటియ్యి." ఇంకా ఏదేదో చెప్పింది, అంతా ఇదే. మామ ఏమంటోందని మా వైపు తిరిగాడు. దామోదరన్ అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టాడు. మామ మంచం మీదికి వంగి వార్డంతా వినపడేలా, "తిన్నాను, తిన్నాను," అన్నాడు. అత్త ఆయన ముఖం చూస్తూ ఉండిపోయింది. మరునాడు పొద్దున పోయింది.

దినాలన్నీ అయ్యాక, పదిహేనో రోజు మామ టిఫిన్ బాక్సు పట్టుకుని షెడ్డుకు బయల్దేరాడు. దామోదరన్ వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. నేను నీళ్ళు చల్లుతున్నాను. ఇద్దరమూ చూశాం. జననికి బడి ఫీజు ఉండింది, ఆసుపత్రి అప్పు ఉండింది. ఇద్దరమూ నోరు మెదపలేదు. అంత మాటకు సైగ యాడుంది అని మా ఆయన ఒకసారి అన్నాడు, నేనూ అవునన్నాను. అబద్ధం. సైగ ఉంది. అరచేయి చాచి కిందికి దించితే చాలు. షెడ్డు యజమాని మగ్గాలన్నీ పాత ఇనుముకు అమ్మేసే దాకా, రెండేళ్ళు, మామ రోజూ పోయాడు.

ఇవన్నీ తలచుకుంటూ పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తిన్నావా అనే అడిగిందని రాసేయొచ్చు. పిల్లను బాగా చూసుకో అన్నదని రాయొచ్చు. ఎవరికీ నష్టం లేదు. ఆయన ఎదురుగా, మోకాళ్ళు చేతుల్తో చుట్టుకుని, నా చేతి వైపే చూస్తున్నాడు. నాలుగేళ్ళుగా అడగాలనుకున్నది అడగడానికి ఇంట్లో ఒక్క మనిషీ లేకపోయింది. అబద్ధం రాయడానికి చేతులు రాలేదు. అత్త అన్న మాటలు అన్నట్టే, ఒక్కటి తగ్గించకుండా రాశాను. చీటీ చాలక రెండోది తీసుకున్నాను.

ఆయన పెదవులతో చదివాడు. మగ్గం అన్న దగ్గర ఆగి, వేలు పెట్టి మళ్ళీ మొదటినుంచి చదివాడు. అప్పుడే దామోదరన్ స్టేషన్ నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విప్పుతున్నాడు.

"రెండేండ్లు నేసినానే," అన్నాడు మామ. ఆయన అరవలేదు. ఆయన గొంతు అంతే.

దామోదరన్ లోపలికొచ్చి మా ఇద్దర్నీ చూశాడు. నేను మామ ఎదురుగా నేల మీద కూర్చుని ఉండడం ఎన్నడూ చూడలేదు. "ఏమైంది? ఏమంటా ఉండాడు?" అంటూ చీటీలు తీసుకున్నాడు. ముందు వైపు అరవం చదివాడు, రాహుకాలం. వెనక్కి తిప్పాడు. ఆ వైపు ఆయనకు చదవడం రాదు.

"ఏం రాసినావే దీంట్లో?"

"నువ్వే చదువుకో," అనాలనిపించింది. చదివి వినిపించాను. పోనని నాకు మాటియ్యి అన్న దాకా చదివాను. దామోదరన్ అన్నం సంచి భుజాన అలాగే ఉంచుకుని నిలబడ్డాడు. గోడ చూశాడు, టీవీ చూశాడు, ఎటూ చూడడానికి లేక వాళ్ళ నాయనను చూశాడు. చేయి పైకి లేచింది. నోటి దగ్గరికి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. అరచేయి చాచి, మెల్లగా, కిందికి దించాడు.

మామ ఆ చేతిని చూశాడు.

"మగ్గాలు అమ్మేసినారు గదరా," అన్నాడు. సందు చివర దాకా వినపడి ఉంటుంది.